ఫోన్‌లో స్పెల్లింగ్ చెప్పడం ఎలా? ఆల్ఫా, బ్రావో, చార్లీ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ఆల్ఫా, బ్రావో అంటే ఏమిటి?

ఇంగ్లిష్ అక్షరాలు 26. ఒక్కో అక్షరానికి ఒక్కో మాట ముందే ఖాయం చేసి పెట్టుకున్న జాబితా ఇది. ఫోన్‌లో మీరు "బి" అంటే అవతలివాళ్లు డి అనుకోవచ్చు, పి అనుకోవచ్చు, వి అని రాసుకోవచ్చు. "బ్రావో" అంటే ఆ గొడవ ఉండదు. పైలట్లు, విమానాశ్రయాల కంట్రోల్ టవర్లు, ఓడలు, సైన్యాలు, సరదాకు సొంత రేడియో సెట్లతో మాట్లాడుకునే హామ్ రేడియో వాళ్లు వాడేది ఇదే. అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో పేరుమీద నాటో ఆల్ఫాబెట్ అనీ అంటారు గానీ, బ్యాంకుకు ఫోన్ చేసి పాన్ నంబరు చెప్పే ఎవరికైనా పనికొస్తుంది.

డిక్షనరీల్లో మాట పక్కన ఉచ్చారణ చూపించే వింత గుర్తులు ఉంటాయి చూశారా, అది వేరే సంగతి. దాన్ని 1886లో పారిస్‌లో మొదలైన ఒక సంఘం తయారుచేసింది. రెండింటినీ "ఫొనెటిక్ ఆల్ఫాబెట్" అనడంతో గూగుల్‌లో వెతికితే కలిసిపోయి వస్తాయి. మనకు కావలసినదాన్ని స్పెల్లింగ్ ఆల్ఫాబెట్ అని వెతికితే త్వరగా దొరుకుతుంది.

పూర్తి జాబితా, మన నోటికి వచ్చేలా ఇవ్వండి.

ఎ – ఆల్ఫా
బి – బ్రావో
సి – చార్లీ
డి – డెల్టా
ఇ – ఎకో
ఎఫ్ – ఫాక్స్‌ట్రాట్
జి – గోల్ఫ్
హెచ్ – హోటెల్
ఐ – ఇండియా
జె – జూలియెట్
కె – కీలో
ఎల్ – లీమా
ఎమ్ – మైక్
ఎన్ – నవెంబర్
ఓ – ఆస్కర్
పి – పపా
క్యూ – కెబెక్
ఆర్ – రోమియో
ఎస్ – సియెర్రా
టి – టాంగో
యు – యూనిఫాం
వి – విక్టర్
డబ్ల్యూ – విస్కీ
ఎక్స్ – ఎక్స్‌రే
వై – యాంకీ
జెడ్ – జూలూ

లీమా అనేది పెరూ రాజధాని, కాబట్టి "లైమా" అనకండి. క్యూకు "క్వెబెక్" కాదు, కెబెక్. పపాలో ఒత్తు రెండో అక్షరం మీద పడాలి. గోల్ఫ్‌ను గల్ఫ్ అన్నా నష్టం లేదు, రెండూ జి తోనే మొదలవుతాయి. తెలుగువాళ్లు జాగ్రత్త పడవలసిన జంట ఒక్కటే: జూలియెట్, జూలూ. జె, జెడ్ రెండూ మన నోట్లో "జ" గానే వస్తాయి. "జూ..." అని మింగేస్తే జెడ్ కాస్తా జె అవుతుంది. చివరిదాకా పలకాలి.

ఎస్ అంటే ఎఫ్ అని ఎందుకు రాసుకుంటారు? నేను గట్టిగానే చెబుతున్నాను కదా.

గట్టిగా అరిస్తే లాభం లేదు. మామూలు ఫోన్ కాల్ సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే లెక్క) మధ్య శబ్దాన్నే మోస్తుంది. ఎస్‌లోని "స్", ఎఫ్‌లోని "ఫ్" రెండూ గాలి శబ్దాలు. వాటిని వేరుగా గుర్తుపట్టించే భాగం ఎక్కువగా ఆ పై హద్దు దాటి ఉంటుంది. అది లైనులోనే రాలిపోతుంది, "ఎ" అన్న అచ్చు మాత్రం మిగులుతుంది. మీరు ఎంత అరిచినా ఆ అచ్చే పెద్దగా వినిపిస్తుంది. 4జీ మీద నడిచే వోల్టీ కాల్స్‌లో దాదాపు 7,000 హెర్ట్జ్ వరకు వెళ్తుంది కాబట్టి ఇంట్లోవాళ్ల గొంతు బాగానే ఉంటుంది, కానీ కాల్ సెంటర్ వైపు పాత పద్ధతి లైను ఉంటే మళ్లీ మొదటికే వస్తుంది.

బి, సి, డి, జి, పి, టి, వి అన్నీ "ఈ" తో ముగిసేవే. మొదటి హల్లు సెకనులో చిన్న ముక్క మాత్రమే. ఆటో హారన్ ఒక్కసారి మోగితే పోయింది. "బ్రావో"లో "బ్" పోయినా "...రావో" మిగులుతుంది, దానితోనే పని జరిగిపోతుంది. మొత్తం జాబితా బలం ఇదే: మాటలో సగం పోయినా మిగతా సగం చెబుతుంది.

"ఎ ఫర్ యాపిల్, బి ఫర్ బాల్" చాలదా?

చాలాసార్లు చాలుతుంది. చిక్కు ఎక్కడంటే, అప్పటికప్పుడు తోచిన మాట వాడతాం. బాల్, డాల్, కాల్ మళ్లీ ప్రాసే. కంగారులో "కె ఫర్ నైఫ్" అని, వినేవాళ్లచేత ఎన్ రాయించినవాళ్లూ ఉంటారు.

మనవాళ్లకు ఊళ్ల పేర్లు అలవాటు: జి ఫర్ గుంటూరు, ఎన్ ఫర్ నెల్లూరు, టి ఫర్ తెనాలి. ఇవి మంచివే, ఇద్దరూ తెలుగువాళ్లైతే ఆల్ఫా, బ్రావో కన్నా త్వరగా అందుతాయి కూడా. అయితే కొన్ని ఊళ్లు ముంచుతాయి. "డబ్ల్యూ ఫర్ వరంగల్" అంటే చెవికి వినబడేది "వ", చెయ్యి వి రాస్తుంది. జెడ్‌కు జహీరాబాద్ అంటే జె పడుతుంది. కడప స్పెల్లింగ్ 2005 వరకు సి తో ఉండేది, ఇప్పుడు కె తో ఉంది. పెద్దవాళ్లకు ఇంకా సి గుర్తుంటుంది. ఊరి పేరు తెలుగులో ఎలా పలుకుతుందన్నది కాదు, ఇంగ్లిష్ మొదటి అక్షరం మీద ఇద్దరికీ ఒకే మాట ఉందా అన్నదే లెక్క. హర్యానాలో కూర్చున్న కాల్ సెంటర్ అమ్మాయికి తెనాలి తెలియాలని రూలేం లేదు.

అవతలి మనిషికి ఈ జాబితా తెలియకపోతే నవ్వుతారేమో?

తెలియకపోయినా పనిచేస్తుంది. అక్షరం ముందు, మాట వెనక చెప్పండి: "బి, బ్రావో. హెచ్, హోటెల్." వినేవాళ్లు మొదటి అక్షరం తీసుకుంటారు, అంతే. ఒక్కటే హెచ్చరిక: ముందుగా "పేరు స్పెల్లింగ్ చెబుతానండీ" అనండి. లేదంటే "హోటెల్, ఇండియా..." అంటుంటే మీరు హోటల్ బుకింగ్ గురించి మాట్లాడుతున్నారనుకుంటారు.

ప్రతి అక్షరానికీ మాట చెప్పనక్కర లేదు కూడా. ఓ, ఆర్, క్యూ, డబ్ల్యూ, వై సాధారణంగా తేడా పడవు. ఇరుక్కునేవి బి‑డి‑పి‑టి‑వి గుంపు, ఎమ్‑ఎన్, ఎఫ్‑ఎస్, జె‑జెడ్, జి‑జె. అక్కడ మాత్రం మాట వాడండి.

పేరు చెప్పేటప్పుడు వరస ఏమిటి?

మొదట ఎన్ని అక్షరాలో చెప్పండి. తర్వాత రెండేసి, మూడేసి అక్షరాల ముక్కలు చేసి, ముక్కకూ ముక్కకూ మధ్య ఆగండి. చివర తిరిగి చదివించుకోండి. శిరీష అన్న పేరు చూడండి:

"పేరు శిరీష అండీ, మొత్తం 8 అక్షరాలు. సియెర్రా, ఇండియా, రోమియో."
"ఎస్, ఐ, ఆర్. చెప్పండి మేడమ్."
"ఎకో, ఎకో. రెండు సార్లు ఇ."
"ఊఁ, రెండు ఇ లు."
"సియెర్రా, హోటెల్, ఆల్ఫా. ఒకసారి చదువుతారా?"
"ఎస్, ఐ, ఆర్, ఇ, ఇ, ఎస్, హెచ్, ఎ. కరెక్టేనా మేడమ్?"

"8 అక్షరాలు" అనడంతో ఒక్కటి తప్పిపోయినా రాసుకునేవాళ్లకే తెలిసిపోతుంది. ఇక తిరిగి చదివించడం. చాలామంది "ఓకేనా?" అని అడుగుతారు, అవతల "ఓకే" అంటారు, దానివల్ల ఏమీ తేలదు. వాళ్ల నోటితో చదివితేనే తేలుతుంది.

మన పేర్లలో తప్పు పడేది ఎక్కువగా హెచ్ దగ్గర. సరితను ఒట్టి టి తో రాసేవాళ్లు ఉన్నారు, టి తర్వాత హెచ్ పెట్టేవాళ్లూ ఉన్నారు. గీత, జ్యోతి, స్వాతి అన్నిటిదీ అదే కథ. లక్ష్మికి కె, ఎస్, హెచ్ వాడతారా, ఎక్స్ వాడతారా? శ్రీకి ఎస్‌ఆర్‌ఐ, ఎస్‌హెచ్‌ఆర్‌ఐ, ఎస్‌ఆర్‌ఇఇ అన్నీ నడుస్తున్నాయి. ఆధార్‌లో ఒకటి, బ్యాంకులో ఒకటి పడితే తర్వాత తిరిగేది మీరే. "లక్ష్మి అంటే మామూలు లక్ష్మే" అని వదిలేయకండి.

అంకెలకు కూడా మాటలున్నాయా?

రేడియోలో అంకెలను కాస్త మార్చి పలుకుతారు: త్రీని "ట్రీ", ఫోర్‌ను "ఫోవర్", ఫైవ్‌ను "ఫైఫ్", నైన్‌ను "నైనర్". ఫైవ్, నైన్ రెండింటిలోనూ "ఐ" ఒక్కటే గట్టిగా వినిపిస్తుంది కాబట్టి నైన్‌కు తోక తగిలించారు. మనం ఇంట్లో "నైనర్" అనక్కర లేదు.

తెలుగు అంకెల చిక్కులు వేరు. ఎనిమిది, తొమ్మిది మొదలు పోతే రెండూ "...మిది". మూడు, ఏడు రెండూ "...డు". కానీ ఇంగ్లిష్‌లో ఎయిట్, నైన్ అసలు కలవవు; అలాగే ఫైవ్, నైన్ కలిసేచోట తెలుగు ఐదు, తొమ్మిది కలవవు. అంటే ఒక భాష జారినచోట రెండోది పట్టుకుంటుంది. మొత్తం నంబరు తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి చెప్పండి. తెలుగువాళ్ల మధ్య ఇంతకు మించిన చిట్కా లేదు.

రెండేసి అంకెలు కలిపి చెప్పకండి. ఇరవై‑అరవై, యాభై‑ఎనభై, ఫిఫ్టీన్‑ఫిఫ్టీ, థర్టీన్‑థర్టీ, ఇవన్నీ తప్పులు పుట్టే చోట్లు. "డబుల్ ఫైవ్", "ట్రిపుల్ నైన్" దేశంలో అందరికీ అలవాటే, విదేశాల్లో కాదు. తెలుగులో మరో గుంట ఉంది: "రెండు ఐదులు" అంటే 55, "రెండు, ఐదు" అంటే 25. "లు" వినపడకపోతే డబ్బు వేరే ఖాతాకు పోతుంది. "ఐదు, ఐదు" అనేయండి, అర సెకను ఎక్కువ పడుతుంది, అంతే.

పాన్, ఐఎఫ్ఎస్‌సీ లాంటివి ఎలా చెప్పాలి?

వాటి అమరిక తెలిస్తే సగం తప్పులు రావు. పాన్‌లో 10 గళ్లు: ముందు 5 అక్షరాలు, తర్వాత 4 అంకెలు, చివర ఒక అక్షరం. నాలుగో అక్షరం వ్యక్తులకు పి, కంపెనీలకు సి. ఐదోది దరఖాస్తులో లాస్ట్ నేమ్‌గా ఏది రాశారో దాని మొదటి అక్షరం. చెప్పేటప్పుడు "అక్షరాలు: ఆల్ఫా, బ్రావో, చార్లీ, పపా, డెల్టా. అంకెలు: ఒకటి, రెండు, మూడు, నాలుగు. చివర అక్షరం: ఎకో" అని గీత గీసినట్టు విడదీయండి.

ఐఎఫ్ఎస్‌సీలో 11. మొదటి 4 బ్యాంకు అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా, మిగతా 6 బ్రాంచి కోడ్. ఆ ఐదోదాన్నే జనం "ఓ" అంటారు, వినేవాళ్లు ఓ అక్షరం కొడతారు, సిస్టం తీసుకోదు. సున్నాను "ఓ" అనే అలవాటు మానేస్తే ఈ బాధే ఉండదు. అక్షరం అయితే ఆస్కర్, అంకె అయితే సున్నా.

జీఎస్టీ నంబరు 15. మొదటి రెండు రాష్ట్రం కోడ్, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి 10 ఆ వ్యాపారి పానే. పాన్ ముందే రాసుకున్న మనిషికి అది మళ్లీ అక్షరం అక్షరం చెప్పక్కర లేదు, సరిచూసుకోమంటే చాలు. రైల్వే పీఎన్‌ఆర్ 10 అంకెలే కాబట్టి సులువు. విమానాల పీఎన్‌ఆర్ సాధారణంగా 6, అక్షరాలు అంకెలు కలిసిపోయి ఉంటాయి, ఆల్ఫా బ్రావో అసలు అక్కరపడేది అక్కడే.

యాక్సిడెంట్ చేసి పారిపోతున్న బండి నంబరు అత్యవసర నంబరు 112కి ఫోన్ చేసి చెప్పాలి. ఎలా?

ముందు చివరి నాలుగు అంకెలు గుర్తుపెట్టుకోండి, తర్వాత వాటి ముందున్న అక్షరాలు, ఆపైన రాష్ట్రం. బండి రంగు, రకం, ఎటు పోయిందో కలపండి. చెప్పేటప్పుడు మాత్రం బోర్డు మీది వరసలోనే: "టాంగో గోల్ఫ్, సున్నా తొమ్మిది..." ఇలా. తెలంగాణ కొత్త బండ్లకు 2024 మార్చి నుంచి టిఎస్ బదులు టిజి వస్తోంది, రోడ్డు మీద రెండూ తిరుగుతున్నాయి, కాబట్టి "తెలంగాణ బండి" అంటే చాలదు. ఆంధ్రలో 2019 నుంచి జిల్లా కోడ్‌లకు బదులు ఉమ్మడిగా ఎపి 39 ఇచ్చారు, అందువల్ల ఆ 39 విని ఊరు పోల్చలేరు. వెనక సిరీస్ అక్షరాలే ముఖ్యం. సిరీస్‌లో ఐ, ఓ వాడరు, ఒకటి, సున్నాలతో కలుస్తాయని. అక్కడ మీకు ఓ కనిపించిందంటే అది డి గానీ క్యూ గానీ అయి ఉంటుంది.

ఈమెయిల్, వైఫై పాస్‌వర్డ్?

ఈమెయిల్‌కు "అన్నీ చిన్న అక్షరాలే, మధ్యలో ఖాళీ లేదు" అని మొదటే చెప్పండి. చుక్కను డాట్ అనండి, అండర్‌స్కోర్‌ను "కింద గీత", హైఫన్‌ను "మధ్య గీత" అంటే ఎవరికైనా అందుతుంది. జీమెయిల్ పేర్లలో కింద గీత ఉండదు. ఎవరైనా అలా చెబితే అక్కడే ఆపి అడగండి. వైఫైకి "పెద్ద బ్రావో, చిన్న డెల్టా" అని అక్షరం ముందే సైజు చెప్పాలి. వెనక చెబితే అప్పటికే టైపు చేసేసి ఉంటారు.

అమెరికాలో ఉన్నాం. ఇక్కడ తేడా ఏమైనా ఉందా?

జెడ్ దగ్గర ఉంది. వాళ్లు దాన్ని "జీ" అంటారు, మన చెవికి అది జి అక్షరం. మీరు జెడ్ అంటే కొందరికి ఏమీ తోచదు. జూలూ అంటే ఈ గోల లేదు. వాళ్లు హెచ్‌ను "ఎయిచ్" అంటారు, లైను బాగాలేకపోతే 8 లా ఉంటుంది. అక్కడి మామూలు జనం ఎక్కువగా మనుషుల పేర్లు వాడతారు: ఎమ్‌కు మేరీ, ఎన్‌కు నాన్సీ, డి కి డేవిడ్. చాలాచోట్ల పోలీసులది మరో జాబితా, ఆడమ్, బాయ్, చార్ల్స్ అని మొదలవుతుంది. మీరు ఆల్ఫా, బ్రావో అన్నా అర్థం చేసుకుంటారు, జాబితా మార్చుకోనక్కర లేదు.

ఈ మాటలే ఎందుకు? ఎవరు తేల్చారు?

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ. అంతకుముందు అమెరికా సైన్యం "ఏబుల్, బేకర్" వాడేది. అవి ఇంగ్లిష్ రానివాళ్ల నోటికి పడేవి కావు. మాంట్రియల్ విశ్వవిద్యాలయానికి చెందిన భాషావేత్త జాన్ పాల్ వినే సాయంతో కొత్త జాబితా తయారై 1951 నవంబరులో అమల్లోకి వచ్చింది. అందులో సి కి కోకా, ఎమ్‌కు మెట్రో, ఎన్‌కు నెక్టర్, యు కు యూనియన్, ఎక్స్‌కు ఎక్స్‌ట్రా ఉండేవి. వాడకంలో పడ్డాక నెక్టర్‌ను విక్టర్ అని, ఎక్స్‌ట్రాను డెల్టా అని వినడం మొదలైంది. 31 దేశాలవాళ్లతో పలికించి, వినిపించి పరీక్షలు చేశారు. చివరికి ఆ ఐదు మాటలే మార్చారు. 1956 మార్చి 1 నుంచి నడుస్తున్నది ఇప్పటి జాబితా. ఒంటరిగా పలికితే ఫాక్స్‌ట్రాట్ కన్నా ఫుట్‌బాల్ బాగా వినిపించిందట, అయినా వరసగా చాలా మాటలు చదివేటప్పుడు ఫాక్స్‌ట్రాట్ గెలిచింది. చెవికి ఇంపుగా ఉందనో పేరు బాగుందనో తీసుకున్నవి కావు ఇవి.

ఇంగ్లిష్ అధికార పత్రాల్లో ఆల్ఫాను పిహెచ్ తో కాకుండా ఎఫ్ తో, జూలియెట్‌ను చివర రెండు టి లతో రాస్తారు. అచ్చుతప్పు కాదు. పిహెచ్‌ను "ఫ" అని చదవని భాషలున్నాయి. ఒకే టి ఉంటే ఫ్రెంచివాళ్లు దాన్ని మింగేస్తారు.

తెలుగు అక్షరాలకు ఇలాంటి జాబితా ఉందా?

అధికారికంగా లేదు, పెద్ద అవసరమూ లేదు. మన అక్షరానికి పేరు, శబ్దం ఒకటే. గుణింతానికి గుడి, కొమ్ము, ఏత్వం అని పేర్లు ముందే ఉన్నాయి. "క కు కొమ్ముదీర్ఘం" అంటే తప్పు రాసేవాళ్లుండరు. చిక్కు శ, ష, స దగ్గర, న, ణ దగ్గర, ల, ళ దగ్గర. "శంఖంలో శ, షష్ఠిలో ష, సముద్రంలో స", "వీణలో ణ", "తాళంలో ళ" అంటే సరిపోతుంది. పాత పుస్తకం టైపు చేయిస్తుంటే "బండి ఱ" కూడా కావాలి.

ఎన్నాళ్లు పడుతుంది నేర్చుకోవడానికి?

డెల్టా, ఎకో, గోల్ఫ్, హోటెల్, ఇండియా, కిలో, మైక్, నవంబర్, ఆస్కర్, రోమియో, యూనిఫాం, విస్కీ, ఎక్స్‌రే. ఈ 13 మీకు కొత్తవి కావు. గుండెకు ఎకో తీయించుకోని ఇల్లు, గోదావరి డెల్టా వినని మనిషి ఉంటారా? మిగిలిన 13 రోజుకు మూడు నాలుగు చొప్పున నాలుగు రోజులు. వరసగా బట్టీ పట్టకండి. ఫోన్‌లో వరసగా ఎవరూ అడగరు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముందు బండి నంబరు మనసులో చదవండి. మొదట మీ పేరు, పాన్, ఈమెయిల్ నోటికి వస్తే చాలు, ఎక్స్‌రే, కెబెక్ ఎప్పుడో గానీ తగలవు.

ఇంకా ఆసక్తి ఉంటే హామ్ రేడియో ఉంది. 12 ఏళ్లు నిండినవాళ్లెవరైనా కేంద్ర ప్రభుత్వ పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవచ్చు. 1983లో పెట్టిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. మన దేశపు కాల్ సైన్లు (రేడియోలో ఒక్కొక్కరికి ఇచ్చే గుర్తింపు పేర్లు) "విక్టర్ యూనిఫాం" అని మొదలవుతాయి. మన విమానాల రిజిస్ట్రేషన్లు "విక్టర్ టాంగో".

"రోజర్", "ఓవర్ అండ్ అవుట్" కూడా వాడాలా?

ఫోన్‌లో అక్కర లేదు. రోజర్ అంటే "విన్నాను" అని మాత్రమే, "సరే, చేస్తాను" అని కాదు. పాత జాబితాలో ఆర్‌కు రోజర్, ఆర్ అంటే రిసీవ్డ్, అలా వచ్చింది. ఓవర్ అంటే "మీరు చెప్పండి", అవుట్ అంటే "ఇక ముగించాను". రెండూ ఒకేసారి అనడం సినిమాల్లోనే.

ఏవి అసలు చెప్పకూడదు?

ఓటీపీ, కార్డు వెనక సీవీవీ, యూపీఐ పిన్. మీకు ఫోన్ చేసినవాళ్లు ఎంత మర్యాదగా "ఒక్కో అంకె నెమ్మదిగా చెప్పండి సార్" అన్నా సరే. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మీ అంతట మీరు బ్యాంకు కార్డు మీద అచ్చువేసిన ఫోన్ నంబరుకు చేసినప్పుడు పాన్, ఖాతా నంబరు చెప్పవచ్చు. వాళ్లే చేసి అడిగితే పెట్టేసి మీరు తిరిగి చేయండి.

మామయ్యగారి ముందు "విస్కీ" అనాలంటే ఇబ్బందిగా ఉంది. వేరే మాట?

అనకండి. 26 అక్షరాల పేర్లలో డబ్ల్యూ ఒక్కటే ఇంత పొడుగ్గా ఉంటుంది, దేనితోనూ కలవదు. ఒట్టి "డబ్ల్యూ" చాలు. కాకపోతే "డబుల్ యూ" అని విడదీసి పలకకండి, రెండు యు లు రాసుకుంటారు.